తెర కట్టాల్సింది గాజుకు అవతల

మే నెలలో సాయంత్రం నాలుగింటప్పుడు, పడమటి గదిలో మూసి ఉన్న కర్టెన్‌కూ కిటికీ అద్దానికీ మధ్య ఒక్కసారి చెయ్యి పెట్టి చూడండి. కాలిన పెనం దగ్గరికి చెయ్యి తీసుకెళ్లినట్టుంటుంది. ఆ వేడి ఇప్పటికే అద్దం దాటి ఇంట్లోకి వచ్చేసింది. కర్టెన్ దాన్ని కంటికి కనబడకుండా దాచింది, అంతే. కాసేపట్లో అది కర్టెన్ పైఅంచు మీదుగా, పక్క సందుల్లోంచి, బట్టలోంచి గదంతా పరుచుకుంటుంది. అప్పుడు ఏసీ రిమోట్ వెతుక్కుంటాం.

ఇల్లు వేడెక్కుతోందని ఎవరితోనైనా అనండి, వచ్చే సలహాలు మనందరికీ కంఠతా వచ్చినవే. టన్ను ఏసీ చాలకపోతే టన్నున్నర పెట్టించండి. ఎండ మరీ కొడుతుంటే మందపాటి బ్లాకౌట్ కర్టెన్లు వేయించండి. చేతిలో డబ్బుంటే అమెరికాలో మనవాళ్ల ఇళ్లకున్నట్టు కిటికీలకు డబుల్ గ్లాస్ బిగించండి. ఈ సలహాలు చెప్పేవాళ్లు చెడ్డవాళ్లు కారు, వీటిలో ప్రతిదానికీ ఎక్కడో ఒకచోట ప్రయోజనం ఉంది కూడా. కానీ అన్నిటి అడుగునా ఒకే నమ్మకం ఉంది. ఎండ ఇంట్లోకి వచ్చి తీరుతుంది, వచ్చాక దానితో ఎలా వేగాలో చూసుకోవడమే మన పని అనే నమ్మకం. ఆ నమ్మకం తప్పు. మన ఎండలకు, మన అక్షాంశానికి, మన కరెంటు బిల్లులకు అది మూడింతలు తప్పు. ఎండను గాజు దాటకముందే, ఇంటి బయటే ఆపాలి. కర్టెన్లూ ఖరీదైన అద్దాలూ పెద్ద ఏసీలూ ఆ పని చేశాక ఆలోచించాల్సినవి.

ముందు గాజు సంగతి చూద్దాం. సూర్యకాంతి చాలావరకు పొట్టి తరంగాలు. మామూలు గాజు వాటిని దాదాపు అడ్డులేకుండా లోపలికి వదులుతుంది. లోపలికి వచ్చిన ఎండ నేలనో, మంచాన్నో, కర్టెన్‌నో తాకి వేడిగా మారుతుంది. వేడెక్కిన ఆ వస్తువులు తిరిగి విడిచేది పొడుగు తరంగాల వేడి. గాజు దాన్ని బయటికి పోనివ్వదు. వచ్చేటప్పుడు తెరిచిన తలుపు, పోయేటప్పుడు మూసిన తలుపు. తాళం వేసి ఎండలో వదిలిన కారులో మధ్యాహ్నం కూర్చోలేకపోవడానికి ఇదొక కారణం. అందుకే కారు ఆపడానికి చెట్టు నీడ ఎక్కడుందా అని వీధి వీధంతా వెతుకుతాం. లక్షలు పోసి కొన్న ఇంటికి మాత్రం ఆ నీడ వెతకం.

ఎంత వేడి వస్తుందో లెక్క వేస్తే మాటకు బరువు వస్తుంది. అయిదు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల ఎత్తున్న పడమటి కిటికీ తీసుకుందాం. ఇరవై చదరపు అడుగులు, అంటే సుమారు 1.86 చదరపు మీటర్లు. వేసవి సాయంత్రం నాలుగింటికి నిర్మలమైన ఆకాశం కింద పడమటి గోడ మీద చదరపు మీటరుకు సుమారు 600 వాట్ల ఎండ పడుతుంది. ఒంటిపొర మామూలు అద్దం అందులో నూటికి ఎనభై పాళ్లకు పైగా లోపలికి పంపుతుంది. గుణించి చూడండి, దాదాపు 900 వాట్లు. చలికాలంలో వెయ్యి వాట్ల రూమ్ హీటర్ ముందు కూర్చున్నవాళ్లకు ఆ సంఖ్య అర్థమవుతుంది. మండే మే నెలలో, పక్కన ఏసీ నడుస్తుండగా, దాదాపు అలాంటి హీటరునే కిటికీ దగ్గర వెలిగించి పెట్టుకుంటున్నాం. టన్ను ఏసీ అంటే 3,500 వాట్ల వేడిని తోడేసే యంత్రం. ఈ ఒక్క కిటికీ అందులో పావువంతు తినేస్తుంది. అదే ఎనిమిది అడుగుల వెడల్పు, ఏడడుగుల ఎత్తున్న గాజు తలుపు ఏ నీడా లేకుండా పడమటికి తెరుచుకుంటే లోపలికి వచ్చేది సుమారు 2,500 వాట్లు. టన్నున్నర ఏసీలో దాదాపు సగం దానికే చెల్లు.

ఇప్పుడు కర్టెన్ వాదం చూద్దాం. మందపాటి తెర వేస్తే గది చీకటిగా ఉంటుంది కాబట్టి చల్లగా ఉన్నట్టు తోస్తుంది. కన్ను చీకటిని చూసి ఒంటికి చల్లదనం అని చెబుతుంది. పైగా అద్దం మీది ఎండ నేరుగా ఒంటి మీద పడదు, ఆ సుఖం నిజమే. కానీ గదిలోకి చేరిన మొత్తం వేడిలో తేడా కొంచెమే. అమెరికా ఇంధన శాఖ గృహస్థులకు చెప్పే లెక్క ప్రకారం, తెల్లటి ప్లాస్టిక్ లైనింగ్ ఉన్న మధ్యరకం రంగు కర్టెన్లు ఎండ వేడిని నూటికి 33 పాళ్లు తగ్గించగలవు. అదే శాఖ చెప్పే ఇంకో లెక్క: కిటికీ బయట కట్టిన పందిరి లాంటి నీడ పడమటి కిటికీల మీద ఆ వేడిని నూటికి 77 పాళ్ల దాకా, దక్షిణపు కిటికీల మీద 65 పాళ్ల దాకా తగ్గించగలదు. నీడ ఇచ్చే పని ఒకటే, గాజుకు ఏ పక్కన ఉందన్నదే తేడా. తెల్లటి లైనింగ్ లేని ముదురు రంగు తెర అయితే ఆ 33 కూడా దక్కదు. ఎండను పీల్చుకుని గదిలో ఒక వెచ్చటి పలకలా నిలబడుతుంది.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. నేను కర్టెన్లు తీసి పారేయమనడం లేదు. అద్దె ఇంట్లో మేకు కొట్టే అధికారం కూడా లేనివాళ్లకు తెల్లటి లైనింగ్ ఉన్న తెరను, ఎండ కిటికీ మీదికి రాకముందే మూసి, గోడకు ఆనేలా కిందిదాకా వేలాడదీయడం మేలే. అయితే అది చివరి అడ్డుగోడ. దాన్నే మొదటి గోడగా అమ్మడం, కొనడం మాత్రం తప్పు.

డబుల్ గ్లాస్ వాదానికి మరింత గౌరవం ఉంది, ఎందుకంటే దాని వెనక విదేశాల పేరుంది. డాలస్‌లోనో న్యూజెర్సీలోనో కొడుకింటికి వెళ్లొచ్చిన తల్లిదండ్రులు అక్కడి కిటికీలు చూసి, మనకెందుకు లేవు అని అడగడం సహజం. న్యూజెర్సీ చలికాలంలో లోపల 20 డిగ్రీలు, బయట సున్నాకు కింద పది డిగ్రీలు. ముప్పై డిగ్రీల తేడా రాత్రింబగళ్లు గాజు గుండా ఇంటి వెచ్చదనాన్ని బయటికి లాగుతుంది. రెండు పలకల మధ్య గాలి పొర అలాంటి వేడి ప్రవాహాన్ని సగానికి తగ్గిస్తుంది. అక్కడ అది తప్పనిసరి.

మన దగ్గర అదే కిటికీని లెక్క వేద్దాం. బయట 42, లోపల 26, తేడా 16 డిగ్రీలు. ఈ తేడా వల్ల ఒంటిపొర అద్దం గుండా లోపలికి వచ్చే వేడి, పైన చెప్పిన కిటికీకి సుమారు 170 వాట్లు. రెండు పొరలైతే దాదాపు 85. అంటే మిగిలింది 85 వాట్లు. అదే సమయంలో ఎండ రూపంలో 900 వాట్లు వస్తున్నాయి. దాని సంగతి రెండో పలక ఏం చేసింది? మామూలు రెండు పొరల కిటికీ మీద పడిన ఎండలో దాదాపు 76 పాళ్లు లోపలికి వచ్చి వేడిగా మారుతుందని ఆ అమెరికా ఇంధన శాఖే చెబుతోంది. డబ్బు రెండింతలు పోసి, పెద్ద వరదను వదిలేసి చిన్న చెమ్మకు అడ్డం కట్టినట్టయింది. ఎండను వెనక్కి కొట్టే ప్రత్యేకపు పూత ఉన్న లో-ఈ గాజు వేరే సంగతి. అది నిజంగా పనిచేస్తుంది, నీడకు ఏ దారీ లేని పెద్ద గాజు గోడలకు పనికొస్తుంది కూడా. మెయిన్ రోడ్డు పక్క ఫ్లాట్లో హారన్ల మోత తగ్గాలన్నా, దుమ్ము ఆగాలన్నా రెండు పొరల కిటికీ బిగించుకోండి, అందుకు అది మంచిదే. ఎండ కోసం అయితే మాత్రం ముందు నీడ వేసి, ఆ తర్వాత గాజు గురించి ఆలోచించండి.

ఇక ఏసీవారి వాదం. అయిదు నక్షత్రాల ఏసీ కొని 24 డిగ్రీల దగ్గర పెట్టుకుంటే చాలదా అంటారు. 2020 జనవరి నుంచి స్టార్ లేబుల్ ఉన్న ఏసీలన్నీ 24 డిగ్రీలతోనే మొదలవ్వాలని ఇంధన సామర్థ్య బ్యూరో నియమం పెట్టింది. ఒక్కో డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు మిగులుతుందని చెప్పింది. మంచి నియమం. కానీ అద్దంలోంచి ఎండ పడుతున్న గదిలో 24 పెట్టుకుని ఎవరూ కూర్చోలేరు. కాలిన అద్దమూ కాలిన తెరా ఒంటి మీదికి నేరుగా సెగ విడుస్తుంటే గాలి ఎంత చల్లగా ఉన్నా చాలదు. అప్పుడు చెయ్యి దానంతటదే 20కి దించుతుంది. 24 డిగ్రీల నియమం ఇళ్లలో నిలబడాలంటే ముందు ఆ సెగ ఆగాలి.

ఈ చోట నా వాదానికి ఎదురయ్యే బలమైన ప్రశ్నను దాచను. లెక్క వేస్తే ఎంత మిగులుతుంది? మధ్యాహ్నం ఒంటిగంట నుంచి ఆరు దాకా ఎండ పడే పడమటి కిటికీ ఒక్కటి, పైన చెప్పిన కొలతకు, రోజుకు సుమారు 3.3 యూనిట్ల వేడి లోపలికి తెస్తుంది. మంచి ఏసీ దాన్ని తోడేయడానికి దాదాపు ఒక యూనిట్ కరెంటు తింటుంది. వేసవి మూడు నెలలకు తొంభై యూనిట్లు. ఒక్క కిటికీకి ఇంతేనా అని పెదవి విరవచ్చు. కానీ ఇంటికి ఒక్క కిటికీయే ఉండదు. తూర్పున ఉదయం, పడమట సాయంత్రం, కలిపి నాలుగైదు కిటికీలు ఎండ తింటాయి. స్లాబు రేట్లలో ఆ యూనిట్లు ఎప్పుడూ పైమెట్టు మీదే పడతాయి. వాటి కోసమే టన్ను చాలే చోట టన్నున్నర కొంటాం. ఇంకో మాట. ఏసీ గదిలోంచి తోడిన వేడిని మాయం చేయదు, పక్కింటి కిటికీ ముందు పోస్తుంది. ఇరుకు సందుల్లో ఎదురెదురు అపార్ట్‌మెంట్ల మధ్య రాత్రి నడిచి చూడండి, ఆ వేడి ముఖానికి కొడుతుంది. నీడ అలా ఎవరి మీదికీ దేన్నీ తోయదు. రాకుండా ఆపిన వేడిని ఎక్కడా పోయాల్సిన పని లేదు.

కొందరు పైకప్పు సంగతి ఎత్తుతారు. తెలంగాణ 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది, డాబా మీద తెల్లటి పూత వేస్తే ఇల్లు చల్లబడుతుంది, ఇక కిటికీ గొడవ ఎందుకంటారు. డాబా ఇంటికి, పెంకుటింటికి, రేకుల ఇంటికి ఆ మాట అక్షరాలా నిజం. ఎండ నడినెత్తిన ఉండే దేశంలో పైకప్పే మొదటి శత్రువు. కానీ పది అంతస్తుల భవనంలో పైకప్పు ఉన్నది ఒక్క పై అంతస్తుకే. మిగతా తొమ్మిది అంతస్తుల వాళ్లకు ఎండ వచ్చే దారి గోడ, కిటికీ. మన నగరాలు పైకి పెరుగుతున్న కొద్దీ, ఇంటి వేడి అనే ప్రశ్న డాబా మీంచి దిగి కిటికీ దగ్గరికి చేరుతోంది. విధానాలూ సలహాలూ ఆ వెంటే దిగి రావాలి.

ఇప్పటి అపార్ట్‌మెంట్లకు బయటి నీడ అందుబాటులో లేకుండా పోవడానికి పెద్ద కారణం ఒక మాట: ఎలివేషన్. భవనం ముఖం నున్నగా, గాజుతో మెరుస్తూ కనబడాలి. సజ్జా వస్తే గీత పాడవుతుంది, వెదురు తెర కడితే పల్లెటూరి ఇల్లులా ఉంటుంది. నేను పడమటి ముఖం ఫ్లాట్లో అద్దెకున్నప్పుడు బెడ్‌రూమ్ కిటికీ బయట గ్రిల్‌కు వెదురు చాప కట్టాను. రెండో రోజే అసోసియేషన్ నుంచి మనిషి వచ్చాడు. "సార్, ఎలివేషన్ పాడవుతోంది, తీసేయండి" అన్నాడు. అదే గోడ మీద పదిహేను ఏసీల బయటి యూనిట్లు, వాటి పైపులు, నీళ్లు కారిన మరకలు ఉన్నాయి. వాటి వల్ల పాడవని ఎలివేషన్ ఒక చాపకు పాడైంది. చాప తీసేశాను. ఆ వేసవి ఆ గదిలో మధ్యాహ్నం ఎవరూ పడుకోలేదు.

గాజు ముఖమే ఆధునికం అనుకునేవాళ్లు ఒక చరిత్ర తెలుసుకోవాలి. ఆధునిక వాస్తుశిల్పానికి పెద్ద పేరైన లె కార్బూజియె 1933లో ప్యారిస్‌లో సాల్వేషన్ ఆర్మీ కోసం ఒక వసతి గృహం కట్టాడు. దక్షిణపు ముఖమంతా తెరవడానికి వీల్లేని గాజు. వేసవి రాగానే లోపలివాళ్లు ఉడికిపోయారు. తెరుచుకునే కిటికీలు పెట్టాల్సి వచ్చింది, తర్వాతి ఏళ్లలో గాజు ముందు ఎండను అడ్డే పలకలు వచ్చాయి. ఆ పాఠం ఆయన మరిచిపోలేదు. 1954లో అహ్మదాబాద్‌లో మిల్లు యజమానుల సంఘ భవనం కట్టేటప్పుడు పడమటి ముఖానికి గాజు ముందు ఏటవాలు కాంక్రీటు పలకలు నిలిపాడు. గాలి దూరుతుంది, వెలుతురు వస్తుంది, సాయంత్రపు ఎండ రాదు. చండీగఢ్‌లోనూ ఆ పలకలే ఆయన భవనాలకు ముఖమయ్యాయి. మన హైదరాబాద్‌లోనే 2004లో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను జాలీ గోడలతో, నడుమ వాకిలితో కట్టారు. హరిత భవనాలకిచ్చే లీడ్ ప్లాటినం గుర్తింపును అమెరికా బయట పొందిన మొదటి భవనం అది. దాని చుట్టుపక్కల హైటెక్ సిటీ మొత్తం గాజు వైపే నడిచింది. ఉదాహరణ ఇంటి పక్కనే ఉండగా మనం ఎన్నుకున్నది ఎండను.

ఇదే వరసలో ఇళ్లలో జరుగుతున్న ఇంకో పొరపాటు బాల్కనీకి గాజు బిగించడం. కిటికీకి, గాజు తలుపుకు ముందున్న నాలుగైదు అడుగుల బాల్కనీ కన్నా మంచి సజ్జా లేదు. బిల్డరు తెలిసో తెలియకో ఇచ్చిన ఆ నీడ జాగాను, దుమ్ము వస్తోందని, పావురాలు వస్తున్నాయని, గది పెద్దదవుతుందని స్లైడింగ్ గాజుతో మూసేస్తున్నారు. మూసిన మర్నాటి నుంచి అది ఎండ పట్టే గాజు పెట్టె. ఆ వేడి లోపలి గదిలోకి నడుచుకుంటూ వస్తుంది. పావురాలకు వల చాలు. దుమ్ముకు మెష్ చాలు. నీడను అమ్ముకుని జాగా కొనుక్కోవద్దు.

వెంటనే వచ్చే ఆక్షేపణ నాకు తెలుసు. మళ్లీ తాటాకు పందిళ్ల కాలానికి పొమ్మంటారా అని. పాత ఇళ్లన్నీ స్వర్గాలని నేను అనను. వాటిలో చీకటి వంటిళ్లు, పొగ, దోమలు, వానకు కారే చూరు ఉండేవి. కానీ చూరు ఎందుకు గోడ దాటి మూరెడు ముందుకు వచ్చేది? పంచ ఎందుకు ఉండేది? ఎండాకాలం వాకిట్లో తాటాకు పందిరి ఎందుకు వేసేవారు? ఎండ గోడను తాకకముందే ఆపడానికి. వట్టివేళ్ల తడికెలను కిటికీకి బయట కట్టి నీళ్లు చల్లడం పొడి గాలి వీచే తెలంగాణలో, రాయలసీమలో చక్కగా పనిచేసింది. ఉక్కపోత ఉండే కోస్తాలో తడి పెద్దగా పనిచేయదు, నీడ పనిచేస్తుంది. ఇందులో మనోభావాల ప్రసక్తి లేదు, ఉన్నది సూర్యుడి దారి. ఆ దారి మారలేదు.

ఆ దారి తెలిస్తే ఏ కిటికీకి ఏం కావాలో తెలుస్తుంది. హైదరాబాద్‌లో మే 9న, మళ్లీ ఆగస్టు 3న మిట్టమధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు, నిలబెట్టిన కర్రకు నీడ కనబడదు. ఆ రెండు తేదీల మధ్య మధ్యాహ్నపు సూర్యుడు మనకు ఉత్తరాన ఉంటాడు. కాబట్టి దక్షిణపు కిటికీ వేసవిలో నిజానికి మనకు మేలు చేసే కిటికీ. దాని పైన అడుగున్నర సజ్జా, రెండు పక్కలా కాస్త పొడిగించి కడితే, నాలుగడుగుల కిటికీ మార్చి చివర నుంచి సెప్టెంబరు దాకా నీడలోనే ఉంటుంది. చలికాలంలో సూర్యుడు కిందికి దిగినప్పుడు వెచ్చటి ఎండ లోపలికి వస్తుంది.

పడమర అలా కాదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి సూర్యుడు దిక్చక్రానికి ముప్పై అయిదు డిగ్రీల ఎత్తుకు అటూ ఇటూ ఉంటాడు. అప్పుడు రెండడుగుల సజ్జా నీడ ఇచ్చేది పైన అడుగున్నరకే. మిగతా రెండున్నర అడుగుల అద్దం ఎండలోనే. అందుకే పడమటి కిటికీకి సజ్జా పెట్టి వదిలేసిన బిల్డరు సగం పనే చేశాడు. అక్కడ నిలువు అడ్డు కావాలి. వెదురు చాప, షేడ్ నెట్, వాలు చెక్కల రెక్కలు, ఏటవాలు పలకలు, జాలీ గోడ, గ్రిల్ మీద పాకిన బీర పాదో కాకర పాదో, కింది రెండంతస్తులకైతే ఒక వేపచెట్టు. ఏది కట్టినా అద్దానికి జానెడు దూరంలో కట్టాలి, మధ్యలో వేడెక్కిన గాలి పైకి పోవాలి. తూర్పు ఎండ లేత ఎండ, మంచిదే అని తూర్పు కిటికీని వదిలేస్తారు. ఏప్రిల్‌లో ఉదయం ఎనిమిదిన్నరకు తూర్పు గోడ మీద పడే ఎండ, సాయంత్రం నాలుగింటి పడమటి ఎండకు పెద్దగా తీసిపోదు. గాలి ఇంకా చల్లగా ఉండటం వల్ల మనకు అలా అనిపించదు. దానికీ అదే వైద్యం.

బయటి తెరకు చీకటి రాదా అని అడుగుతారు. బ్లాకౌట్ కర్టెన్ కట్టినంత చీకటి రాదు. జాలీ, వాలు రెక్కలు, చాప సందులు ఎండను ఆపి ఆకాశపు వెలుతురును వదులుతాయి. పట్టపగలు తెరలు మూసి ట్యూబ్‌లైటు వేసుకుని కూర్చునే దుస్థితి లోపలి తెరలు తెచ్చినదే. గాలిదుమారం సంగతి ఏమిటి అని అడిగితే మాత్రం తల వంచి ఒప్పుకుంటాను. ఎనిమిదో అంతస్తులో వదులుగా కట్టిన చాప మే నెల ఈదురుగాలికి ఊడి కింద నడిచేవాళ్ల మీద పడవచ్చు. పై అంతస్తులకు పైన కింద పట్టాలతో బిగించిన తెరలు, స్థిరమైన రెక్కలు మాత్రమే తగినవి. కాబట్టే ఈ పనిని ఒక్కో ఇంటివాడి తంటాకు వదలకూడదు. కట్టేటప్పుడే బిల్డరు చేయాలి.

బిల్డరుకు ఇది కొత్త సంగతి కాదు. 2018 డిసెంబరులో కేంద్ర విద్యుత్ శాఖ ఎకో నివాస్ సంహిత విడుదల చేసింది. 500 చదరపు మీటర్లు, ఆపైన స్థలంలో కట్టే నివాస భవనాలకు వర్తించేలా తయారైన నియమావళి అది. మన వాతావరణాల్లో పైకప్పు మినహా ఇంటి గోడలు, కిటికీల ద్వారా లోపలికి చేరే వేడి చదరపు మీటరుకు 15 వాట్లు దాటకూడదని చెప్పింది. ఆ లెక్క కట్టే సూత్రంలో కిటికీ బయటి సజ్జాలకు, పక్క పలకలకు తగ్గింపు దొరుకుతుంది. లోపలి కర్టెన్‌కు ఆ సూత్రంలో చోటే లేదు. దేశపు నియమావళి రాసిన ఇంజనీర్లు ఈ వివాదాన్ని ఎప్పుడో తేల్చేశారు. ఆ నియమావళి ఇంకా చెప్పింది: విశాఖ లాంటి ఉక్కపోత ప్రాంతాల్లో తెరుచుకునే కిటికీ జాగా ఇంటి నేల విస్తీర్ణంలో ఆరో వంతుకు తగ్గకూడదు, హైదరాబాద్ లాంటి చోట ఎనిమిదో వంతుకు తగ్గకూడదు. మనం మోజుపడి పెట్టించుకుంటున్న రెండు రెక్కల స్లైడింగ్ కిటికీ సగమే తెరుచుకుంటుంది. రెక్కలు బయటికి తెరుచుకునే పాతరకం కిటికీ నూటికి తొంభై పాళ్లు తెరుచుకుంటుంది. పగలు నీడ, రాత్రి గాలి. ఈ రెండు పనులూ చేయలేని కిటికీకి ఎంత ధర పెట్టినా దండగే.

చివరగా, ఏసీ లేనివాళ్ల మాట. ఇంధన పొదుపు అంటే బిల్లు తగ్గించుకోవడం అనుకుంటే ఇది మధ్యతరగతి ముచ్చటగా మిగిలిపోతుంది. 2015 మే వడగాడ్పులకు ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యిమందికి పైగా చనిపోయారు. అందరూ ఇంట్లో పోలేదు, చాలామంది ఎండలో పనిచేసినవాళ్లు. కానీ పగలంతా కాగిన ఒళ్లు రాత్రి చల్లబడాలి. పడమటి గోడా కిటికీ సాయంత్రం దాకా తాగిన వేడిని ఒక్క గది ఇంట్లో రాత్రంతా కక్కుతుంటే ఆ ఒంటికి విరామం లేదు. రెంటచింతలలోనో రామగుండంలోనో కూలి చేసుకునే మనిషికి అయిదు నక్షత్రాల ఏసీ సలహా పనికిరాదు. వెదురు తెరా, చెట్టూ పనికొస్తాయి. మీటరు తిరగకుండా చల్లదనం ఇచ్చేది నీడ ఒక్కటే.

అందుకని ఈ వేసవికి ముందే అడుగుతున్నాను. ఇల్లు కట్టుకుంటున్నవాళ్లు మేస్త్రిని, ఇంజనీరును పడమటి కిటికీకి బయట ఏం పెడుతున్నారో అడగండి. ఫ్లాట్ కొనేవాళ్లు వంటింటి గ్రానైటు చూసేముందు సాయంత్రం నాలుగింటికి వెళ్లి హాలు అద్దం మీద చెయ్యి పెట్టి చూడండి. అసోసియేషన్ పెద్దలు బయటి తెరలను నిషేధించే బదులు, అందరికీ ఒకే రంగు, ఒకే కొలత, గాలికి ఊడని బిగింపు నిర్ణయించి అనుమతి ఇవ్వండి. అప్పుడు ఎలివేషనూ నిలుస్తుంది, మనుషులూ నిలుస్తారు. అద్దెకున్నవాళ్లు యజమానిని ఒప్పించి గ్రిల్‌కు ఒక చాప కట్టుకోండి. ఏసీ కొనడానికి బయలుదేరినవాళ్లు ఒక్క వారం ఆగి, ముందు కిటికీ బయట నీడ వేసి, తర్వాత ఎన్ని టన్నులు కావాలో తేల్చుకోండి.

ఎండ గాజు దాటిందంటే ఇంట్లోకి వచ్చినట్టే. ఆపదలుచుకుంటే అవతలే ఆపాలి.